తెర మీద మిగిలిన పాటలు

మూడేళ్ళ కిందట కడపలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. మా ఊరి మరియమ్మవ్వ పాడే నలభై పాటలను, ఆమె చనిపోకముందు విని, ఒక్కొక్కటీ ఒక్కో ఫైలుగా టైపు చేసుకున్నాను. అవి ఇంకెక్కడా లేవు.

ఒక మధ్యాహ్నం, అన్నిటిలోనూ తప్పుగా పడిన అవ్వ పేరును ఒకేసారి దిద్దాలని ఫైళ్ళన్నీ టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాములో తెరిచి, అందులోంచే ఒక కమాండ్ ఇచ్చాను. కమాండ్‌లో ఏదో పొరపాటు దొర్లింది. ఫోల్డర్లో చూస్తే నలభై ఫైళ్ళూ ఖాళీ! ఎడిటర్లో తెరిచి ఉన్నవి మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి. అంతలో ‘ఫైలు మారింది, మళ్ళీ తెరవాలా?’ అని ఎడిటర్ అడిగింది. కంగారులో ‘అవును’ నొక్కాను. కళ్ళముందున్న పాట మాయమైంది. రెండో ఫైలుకూ అదే ప్రశ్న వచ్చింది.

“ఒత్తొద్దమ్మా!” పక్క సీటులోని మస్తానన్న అరిచాడు. “తెర మీద ఉండేదే మిగిలుండాది. వద్దని చెప్పి సేవ్ చెయ్. కరెంటు పోతే అదీ పోతాది!”

మా యూపీఎస్ పాడై వారమైంది. ఫ్యాను కాస్త నెమ్మదించినా తలెత్తి చూసేదాన్ని. ఒక్కొక్కటే సేవ్ చేశాను. ముప్పై తొమ్మిది దక్కాయి. పోయింది జోలపాట.

మర్నాడే అవ్వ కూతురి దగ్గరికి వెళ్ళాను. “రెండు చరణాలే గ్యాపకముండాయి పాపా” అంటూ పాడి, ఆగిపోయింది. ఆ తర్వాతి మాటల కోసం ఆ చుట్టుపక్కల ఊళ్ళ ముసలమ్మలను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.