కోటుకు పెండ్లి పరీక్ష

మా సుందర్‌రాజు గారికి ఒకటే పిచ్చి. కొత్త కోటు ఏదైనా సరే, ముందు బతికున్న మనిషి ఒంటి మీద ఒక పూట తిరిగి రావాలి. అప్పటిదాకా దాన్ని పెట్టెలో పెట్టనిచ్చేవారు కాదు. "చెక్కబొమ్మకు తొడిగి సూస్తె ఏం తెలుస్తదమ్మా? చెక్కబొమ్మ తుమ్ముతదా? బస్సెక్కుతదా? పెండ్లాంతోని కొట్లాడుతదా?" అనేవారు. దీనికి ఆయన పెట్టిన పేరు నడక పరీక్ష. పనివాళ్లు పెట్టిన పేరు కోటు తిప్పుడు.

ఇది డెబ్బైల నాటి మాట. పటాన్‌చెరు చుట్టూ జొన్న చేలల్లో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. అందరూ మందులు, ఇనుప సామాన్లు తయారుచేస్తుంటే మాది మాత్రం కోట్ల ఫ్యాక్టరీ. అలాంటిలాంటి కోట్లు కావు, బొంబాయిలో అద్దాల షోరూములో వేలాడి, అక్కడి నుంచి లండన్ దొరల భుజాలెక్కే కోట్లు. సుకుమారి అనే నేను అక్కడ టైపిస్టును. సుందర్‌రాజు గారు జనరల్ మేనేజరు. సంగారెడ్డిలో పుట్టి, బొంబాయికి పారిపోయి, అక్కడ మా కంపెనీలోనే దారప్పోగులు ఊడ్చే పనికి చేరి, తర్వాత కత్తెర పట్టి, యజమాని సేటు గారి కుడిభుజమై, చివరికి మేనేజరు కుర్చీతో సొంత జిల్లాకు తిరిగొచ్చిన మనిషి. మేనేజరైన రోజు తన చేత్తో తనే కత్తిరించి కుట్టుకున్న మీగడరంగు కోటు ఒకటుండేది ఆయనకు. దాని మీద ఈగను కూడా వాలనిచ్చేవారు కాదు. చాయ్ తాగాలన్నా దాన్ని విప్పి, కుర్చీకి తొడిగి, ఆ కుర్చీకి దూరంగా పోయి తాగేవారు.

నడక పరీక్షకు మనుషులు కావాలి కదా! గేటు బయట ఎవరు దొరికితే వాళ్లకు తొడిగేసేవారు. ఒకరోజు వాచ్‌మన్ పెద్దరాములుకు మఖమల్ కాలరు కోటు పడింది. కింద ధోతి, కాళ్లకు టైరు చెప్పులు. జీపులో వచ్చిన ఒక పెద్దాఫీసరు అతన్నే సేటనుకుని, దండం పెట్టి, తన బామ్మర్దికి ఉద్యోగం కావాలని గేటు దగ్గరే నిలబడి వేడుకున్నాడు. పెద్దరాములు మీసం దువ్వుకుంటూ "సూద్దాంలే" అన్నాడు. ఆఫీసరు సంతోషంగా వెళ్లిపోయాడు.

ఇంకోసారి లక్డారం నుంచి ఎడ్లబండి తోలుకొచ్చే సంగప్పకు దొరలు రాత్రి విందులకు వేసుకునే నల్లకోటు తొడిగి, బండి మీద ఇంటికి పొమ్మన్నారు. ఎద్దులు కదిలితే ఒట్టు! ఈ నల్లకోటాయన ఎవరో వాటికి తెలియలేదు. కోటు విప్పితే నడుస్తాయి, తొడిగితే ఆగుతాయి. "తప్పు కోటుదే, మనిషి మనిషి లెక్క కనవడ్తలేడు, భుజం తగ్గియ్యాలె" అని సుందర్‌రాజు గారు దాన్ని వెనక్కి పంపి మళ్లీ కుట్టించారు.

ఇస్నాపూర్‌లో మిర్చీలు వేసే మొగులమ్మ సంగతి మరీ అన్యాయం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆమెకు బొచ్చు కాలరున్న ఆడవాళ్ల కోటు తొడిగి, పొయ్యి ముందు కూర్చోబెట్టారు. ఊరి కుక్కలన్నీ చేరి ఆ కాలరును చూసి మొరుగుడే మొరుగుడు.

"సారూ, మెడకాడ గుచ్చుతున్నది. పానం పోతున్నది!"

"శాబాష్! మెడకాడనా? ఎడమదిక్కా, కుడిదిక్కా?"

"అన్ని దిక్కులా! గీ బొచ్చు నీ మెడకు సుట్టుకో, నీకే తెలుస్తది!"

"చెయ్యి లేపినప్పుడు చంకల పట్టుతున్నదా?"

"ఇంకొక్క మాటడిగితే ఈ జాలిగంటెతోని లేపుత చెయ్యి!"

ఆయన మొహం వెలిగిపోయింది. "కోపంల చెయ్యి మంచిగ లేస్తున్నది. కోటు పాస్" అన్నారు.

పరీక్ష అయిన కోటుకు జేబులు వెతకడం నా పని. బీడీలు, చింతగింజలు, ఒకసారైతే కోడిపిల్ల. ఒక్క కోటు మాత్రం నా కన్నుగప్పి జేబునిండా వేయించిన పల్లీలతో బొంబాయి చేరింది. సేటు గారి నుంచి ట్రంకు కాల్ వచ్చింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. విషయం చూస్తే, ఎవరో రాజావారు ఆ కోటు కొనుక్కుని, పల్లీలు తిని, ఇంకో కోటు కావాలని, అయితే పల్లీలు మాత్రం ఉండాలని పట్టుబట్టారట. "అది మన కొత్త ఫ్యాషన్ సార్" అని సుందర్‌రాజు గారు ఫోన్లో తొణక్కుండా చెప్పారు.

ఈ గొడవల మధ్య నా గొడవ నాది. నా పెండ్లి ఆగిపోయింది.

పెండ్లికొడుకు పరంజ్యోతి వెలిమెల బడిలో మాస్టారు. మా చర్చిలో పెండ్లికొడుకంటే కోటు ఉండాల్సిందే. పరంజ్యోతికి కోటు లేదు. ఎవరి దగ్గరైనా తెస్తే సరిపోయేది, కానీ వాళ్లన్న సత్యానందం పెండ్లికి అట్లాగే అడిగి తెచ్చారు. ఆ కోటు యజమాని విందులో పక్కనే కూర్చుని, "నాయనా, చారు మెల్లగ పోసుకో, కోటు నాది! ఆనుకోకు, కోటు నాది!" అని అందరి ముందూ అరుస్తూనే ఉన్నాడట. పాపం సత్యానందం తన పెండ్లి భోజనం తనే తినలేదు. అది చూసిన పరంజ్యోతి, "నా సొంత కోటు కొనుక్కున్ననాడే పెండ్లి" అని కూర్చున్నాడు. కూడబెట్టిన డబ్బు ఒక ఏడు ఇంటి పెంకులకు, ఒక ఏడు తల్లి మందులకు పోయింది. నా తెల్లచీర పెట్టెలోనే పసుపురంగుకు తిరుగుతోంది.

ఒకరోజు టైపు మిషన్ ముందు కండ్లు తుడుచుకుంటుంటే సుందర్‌రాజు గారు చూసి ఏమైందని అడిగారు. అంతా చెప్పేశాను. ఆయన కసురుకున్నారు. "నీ పెండ్లి కథ నాకెందుకమ్మా? కాయితం మీద నీళ్లు పడ్తున్నయ్. టైపు కొట్టు!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం మనిషి ఈయన, కోట్లకున్న విలువ మనుషులకు లేదా అనుకున్నాను.

మర్నాడు ఆయన జీపు వెలిమెల బడి ముందు ఆగిందట. ఇది పరంజ్యోతే తర్వాత చెప్పాడు.

"మాస్టారూ, మా కంపెనీని మీరే కాపాడాలె. పెండ్లికొడుకుల నల్లకోటు ఒకటి తయారైంది. దానికి నడక పరీక్ష సాలదు. మోకాళ్లూనాలె, దండ పడాలె, ఉంగరం తొడగాలె, ఫోటో దిగాలె. జిల్లా మొత్తం తిరిగిన. మీ అసొంటి భుజాలు ఇంకోడికి లేవు."

"ఉత్తగ ఇస్తె నేను తీసుకోను సార్."

"ఇచ్చేదేంది? మీరు పరీక్ష చేసి, యాడ పట్టిందో చెప్పాలె. మాస్టారై పరీక్షకు భయపడ్తరా?"

ఆ మాటకు పరంజ్యోతి పడిపోయాడు. పరీక్ష అంటే ఏ మాస్టారు వెనక్కి పోతాడు?

పెండ్లి రోజు సుందర్‌రాజు గారు మీగడరంగు కోటులో వచ్చి, ముందు బెంచీలో, పెండ్లికొడుకు వీపు వెనకే కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు, "ఈమెను నీ భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గుసగుస, "మాస్టారూ, చంకల పట్టుతున్నదా?"

"లేదు" అన్నాడు పరంజ్యోతి గట్టిగా.

చర్చి అంతా గొల్లుమంది. మా అమ్మ కూలబడింది. సుందర్‌రాజు గారు లేచి, "అయ్యగారూ, ఆ జవాబు నాది. మీ ప్రశ్న మళ్లొకసారి అడగున్రి" అన్నారు. అడిగారు. ఈసారి సరైన జవాబే వచ్చింది, నేను బతికిపోయాను.

విందులో తమ్ముడికి మటన్ కూర వడ్డించడానికి సత్యానందం స్వయంగా గిన్నె పట్టుకుని వచ్చాడు. ఆ నల్లకోటును చూస్తే పాత భయమేదో లేచినట్టుంది. గరిటె పక్కకు ఒరిగింది. గరిటెడు కూర, ఎర్రటి నూనెతో సహా, పరంజ్యోతి ఎదమీద పడింది.

పందిట్లో వడ్డన ఆగిపోయింది. సత్యానందం మొహంలో నెత్తురు లేదు. పరంజ్యోతి తల వంచుకున్నాడు. సుందర్‌రాజు గారు లేచి వస్తున్నారు. ఇప్పుడు "కోటు నాది" అంటారు, అంతే, ఇక పరంజ్యోతి మా పెండ్లిని జీవితాంతం అవమానంగానే గుర్తుపెట్టుకుంటాడు అనుకుని నేను కండ్లు మూసుకున్నాను.

"శాబాష్ సత్యానందం! అసలు పరీక్ష నువ్వు పెట్టినవ్. నేనే మర్సిపోయిన!"

కండ్లు తెరిచేసరికి ఆయన సత్యానందం చేతిలోని గిన్నె లాక్కుని, నిండు గరిటె కూర తన మీగడరంగు కోటు మీద పోసుకుంటున్నారు.

"సార్! ఏంది సార్ ఇది?" అని అరిచాను.

"పోల్చి సూడాలె కదమ్మా! నల్లదాని మీద ఎట్లుంటది, తెల్లదాని మీద ఎట్లుంటది. సత్యానందం, అట్ల సూస్తవేంది? ఎడమదిక్కు జెర తక్కువైంది, పొయ్యి!"

ముందు నవ్వింది సత్యానందమే. తర్వాత పందిరంతా నవ్వింది. సుందర్‌రాజు గారిని మా మధ్యే కూర్చోబెట్టుకున్నాం. ఆ రోజు అన్నదమ్ములిద్దరూ కడుపునిండా తిన్నారు.

చివర్లో ఆయన తీర్పు చెప్పారు. "కోటు ఫేల్. మరక పట్టింది. ఫేలైన కోటు, కంపెనీ నియమం ప్రకారం, పరీక్ష చేసినోనిదే. మాస్టారూ, నియమం నియమమే, నన్ను ఏమనొద్దు."

కంపెనీ నియమాలన్నీ టైపు కొట్టింది నేను. అలాంటి నియమం ఎక్కడా లేదు.

సెలవు అయ్యాక ఆఫీసుకు పోయేసరికి ఆయన అదే మీగడరంగు కోటులో కూర్చుని ఉన్నారు. ఉతికినా పోని పసుపు మరకతో, దర్జాగా చాయ్ తాగుతున్నారు, కోటు విప్పకుండానే. నన్ను చూసి, "ఫేలైన కోటు నియమం టైపు కొట్టు. తారీకు మాత్రం మీ పెండ్లికి ముందుది వెయ్యి" అన్నారు.

కొట్టాను. దాని కింద నా సొంతంగా ఇంకొకటి కొట్టాను. ‘పరీక్షలో ఎవరి కోటు మీదనైనా కూర పడితే, జనరల్ మేనేజరు తన కోటు మీద కూడా పోసుకోవలెను.’

ఆయన కండ్లద్దాలు సర్దుకుని మొత్తం చదివారు. మొహంలో నవ్వు లేదు.

"ఉత్త కూర అంటె ఎట్లమ్మా? మటన్ కూర అని స్పష్టంగ రాయి. రేపు ఎవడన్న పప్పు పోస్తె నేను ఒప్పుకోను" అని, సంతకం పెట్టారు.