బండ పొంగిన రోజు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నదేమీ కాదు. కడపలో మా అక్క కట్టుకున్న కొత్త ఇంటి హాల్లో, బేతంచెర్ల నల్లబండ మీద సిమెంటు మరక కనబడితే, బాత్రూమ్ కడిగే యాసిడ్ పోశాను. కర్నూలులో పదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి! అది సున్నపురాయి అనీ, యాసిడ్ దాన్ని తినేస్తుందనీ ఆ క్షణాన గుర్తురాలేదు.

మర్నాడే గృహప్రవేశం. బండ బుసబుసమంటూ నురగ కక్కింది.

"ఏమప్పా సారూ, రాయిని ఉడకబెడతాండావే!" అన్నాడు బావ.

యాసిడ్‌ను క్షారంతో అణచాలని, వంటవాళ్ల సామాన్లలోంచి సోడా ఉప్పు తెచ్చి గుమ్మరించాను. నురగ ఇంకా పొంగింది.

"ఒరేయ్, బండతో బజ్జీలు చేస్తాండావా?" అని అక్క అరిచింది.

కాసేపటికి యాసిడ్, సోడా ఒకదాన్నొకటి హరించుకుని ఉప్పునీళ్లు మిగిలాయి. తుడిచి చూస్తే హాలు నడిమధ్య పళ్లెమంత మేర మెరుపు పోయి తెల్లగా తేలింది.

"ఈ రాయి కోసం శానా తిరిగింటిరా," అంటూ అక్క కళ్లొత్తుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడు చుట్టాలు ఉన్నంతసేపూ ఆ మచ్చ మీద చాప వేసుకుని నేనే కూర్చున్నాను. భోజనానికి పిలిచినా లేవలేదు.

ఆ తర్వాత ఆదివారాల్లో బస్సెక్కి వెళ్లి, నీళ్లు చల్లుతూ పాలిష్ రాయితో రుద్దాను. చివరికి ముఖం కనబడేంతగా మెరిసింది. అక్క వంగి చూసింది.

"ఇప్పుడు ఈడ ఒక్కటే మెరుస్తాండాది. మిగతా హాలు ఎప్పుడు రుద్దుతావురా?"

ఈ ఆదివారం కూడా వెళుతున్నాను.