చేతిరుమాళ్ల పెట్టె

ఆ ఇంట్లో ఉల్లిపాయ కావాలంటే టోపీల పెట్టె తెరవాలి. ఒకప్పుడు ఏ గొప్పింటి ఇల్లాలి టోపీనో భద్రంగా మోసిన గుండ్రటి పెట్టె అది. మూత మీద చేత్తో వేసిన గులాబీలు ఇంకా వాడలేదు. లోపల మాత్రం ఉల్లిపాయలు మొలకలెత్తుతుండేవి.

ఇంటావిడకు నగిషీలున్న పాత పెట్టెలంటే ప్రాణం. అలాగని అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయే రకం కాదు. పని చేయని పెట్టె ఆమె గడప తొక్కడానికి వీల్లేదు. భర్త గుండె మాత్రలు ఎర్ర మఖమలు పరిచిన నగల పెట్టెలో, ఉంగరాలు గుచ్చే గాడుల్లో ఒక్కొక్కటిగా కూర్చునేవి. టీవీ రిమోటు వెండి తీగలు పొదిగిన కలాల పెట్టెలో పడుకునేది. మేకులు, సుత్తి ఉండేది పింగాణీ పూలు అతికిన సంగీతపు పెట్టెలో. అది ఒక పాట పూర్తిగా వినిపిస్తే గాని మేకు ఇచ్చేది కాదు. ఆ పాట వినపడగానే వాళ్లింట్లో ఏదో ఊడిందని ఇరుగుపొరుగుకు తెలిసిపోయేది.

పగలు ఆమె డ్రైక్లీనింగు దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునేది. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. బట్టలు తీసుకోవాలి, మరకలు చూసి రాసుకోవాలి, చీటీ గుచ్చాలి. చూడాల్సినది కళ్లతో చూసినా నమ్మేది మాత్రం ముక్కునే. వెనకాల అందరూ 'ముక్కు మేడం' అనేవాళ్లు. ఒకసారి ఒకాయన కోటు తెచ్చి ఇస్తే కాలరు వాసన చూసి, "మీ వంటింట్లో గ్యాసు పోతోంది, ముందు ఇంటికి వెళ్లండి" అంది. ఆయన పరుగెత్తాడు. నిజంగానే పోతోంది. ఆ కథ నోళ్లు మారి మారి, చివరికి ఆ రోజు ఆవిడకు పడిశం లేకపోబట్టి మొత్తం వీధి నిలబడిందన్నంత దాకా వెళ్లింది.

రోజంతా పరాయి బట్టలతో వేగి, ఇంటికొచ్చాక సొంత బట్టల మొహం కూడా చూసేది కాదు. ఉతకడం, మడతలు పెట్టడం, సర్దడం అన్నీ భర్త వంతు. ఆయన రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు చుట్ట కాల్చాడు. ఏడేళ్ల కిందట గుండెకు ఆపరేషనయ్యాక మానేశాడు. ఆ రోజు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి ఆమె ఒకే మాట చెప్పింది. "మళ్లీ మీ దగ్గర చుట్ట వాసన వచ్చిన రోజున నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. దగ్గరుండి మిమ్మల్ని పోగొట్టుకోవడం నా వల్ల కాదు." అది బెదిరింపు కాదని ఆయనకూ తెలుసు.

వానలు మొదలయ్యే ముందు ఆమె పాతసామాన్ల దుకాణంలో కొత్త పెట్టె ఒకటి కొంది. నల్లటి చెక్క, ఇత్తడి మూలలు, మూత మీద ముత్యపుచిప్ప తునకలతో పొదిగిన పిట్ట. "చేతి తొడుగులు దాచుకునే పెట్టె మేడం" అన్నాడు దుకాణంవాడు. లోపలా బయటా ఘాటుగా పాలిషు కొట్టి ఉంచాడు. ఆ ఘాటు తప్ప ఇంకేమీ ముక్కుకు అందలేదు. తెచ్చి, భర్త చేతిరుమాళ్లకు కేటాయించింది.

ముసురు పట్టిన రెండో వారంలో, స్నానానికి వెళ్తూ ఆయన కుర్చీ మీద వేసిన చొక్కా జేబులోంచి చేతిరుమాలు కింద పడింది. తీసింది. అలవాటు కొద్దీ వాసన చూసింది.

చుట్ట. అనుమానం లేదు. మేలురకం.

ఆమె గొడవ చేయలేదు. దొంగను పట్టాలంటే ముందు వాడికి ధైర్యం ఇవ్వాలని దుకాణంలో నేర్చుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర మామూలుగా అడిగింది.

"మీ రుమాలు ఏదో వాసనేస్తోంది."

"ముసురు కదా. బట్టలు సరిగా ఆరట్లేదు."

"ఆరని బట్ట వాసన నాకు తెలీదా?"

"నీకు తెలీని వాసన ఉంటుందా" అని ఆయన కంచంలోకి తల దించాడు. తల దించడం ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది. బూట్లు దులిపింది, రేడియో వెనక తడిమింది, పూలకుండీల్లో మట్టి తవ్వింది. ఇంట్లో ఉన్న నలభై ఒక్క పెట్టెల్లో చుట్ట ఎక్కడైనా దాక్కోవచ్చు. ఏరికోరి పట్టుదలగా కొన్న పెట్టెలన్నీ ఇప్పుడు శత్రుపక్షంలో చేరినట్టున్నాయి. రుమాళ్ల పెట్టె ఒక్కటే తెరవలేదు. దొంగచాటు వస్తువును ఎవడైనా రోజూ భార్య ఎదుటే తెరిచే పెట్టెలో దాస్తాడా.

దొరకనిదల్లా సాక్ష్యమే అయింది. కాలరు వాసన రాలేదు, అంటే స్నానం చేస్తున్నాడు. వేళ్లు వాసన రాలేదు, అంటే సబ్బుతో రుద్దుకుంటున్నాడు. సబ్బు కూడా ఈ మధ్య తొందరగా అరుగుతోంది. మధ్యాహ్నం ఫోను చేస్తే మూడు రింగులకు ఎత్తే మనిషి పది రింగులకు ఎత్తుతున్నాడు. పైగా మొహంలో ఏదో సుఖం.

వెతుకులాట మూడో వారంలో అక్కకు ఫోను చేసింది.

"అక్కా, మీ పైగది ఖాళీయేనా?"

"ఖాళీయే. ఎవరికి?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేదానివా నువ్వు. మరిదిగారు మళ్లీ మొదలుపెట్టారా?"

"రుజువు దొరకనీ, చెప్తాను."

"నీకు దొరక్కపోవడమేంటే. సరే, గది కడిగించి ఉంచుతాను" అంది అక్క. ఆ మాట వినగానే ఆమెకు ఏడుపొచ్చింది. అడిగింది తనే అయినా, అక్క అంత తొందరగా నమ్ముతుందనుకోలేదు.

మర్నాడు పొద్దున ఆమెకు పడిశం పట్టుకుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. దుకాణానికి ఆలస్యమవుతోందన్న హడావిడిలో తన రుమాలు కనపడక, భర్త పెట్టెలో పైనున్న మడత లాక్కుని పరుగెత్తింది.

పది గంటలకు గట్టిగా తుమ్మి రుమాలు విదిలించింది. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే అతను ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, ఒక మాట అడిగితే ఏమీ అనుకోరుగా?"

"అనుకునేదైతే అనుకుంటా. అడుగు."

"ఎప్పట్నుంచి?"

"ఏంటి?"

"అదే, చుట్ట. మా తాత కూడా కాల్చేవాడు. ఇంత మంచి రకం కాదనుకోండి. కానీ పెద్దవయసులో మొదలెడితే మానడం కష్టం అక్కా."

మెషీన్ల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు కోపం ముక్కు దాకా వచ్చి, దారి మూసుకుని ఉండటంతో అక్కడే ఆగింది. చేతిలో రుమాలు వైపు చూసింది. ఉతికిన రుమాలే. మడత విప్పింది తనే. ఇది ఆయన జేబు మొహం కూడా చూడలేదు.

"ఇలా రా. సరిగ్గా చూసి చెప్పు. ఇది పొగ వాసనా, ఆకు వాసనా?"

అతను రుమాలు అంచు ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. "పొగ లేదక్కా. పచ్చి ఆకు. ముట్టించని చుట్ట."

ఆమె రుమాలు మడిచి బల్ల మీద పెట్టింది. కాలిన పొగాకుకీ ముట్టించని పొగాకుకీ తేడా చెప్పలేని పిల్ల ఈ కౌంటరు దగ్గర కూర్చుంటే మొదటిరోజే పంపేసేది. తను మాత్రం చుట్ట అన్న మాట దగ్గరే ఆగిపోయింది. భయం ముక్కును అక్కణ్నుంచి ముందుకు కదలనివ్వలేదు.

గంట సెలవు అడిగి ఇంటికి వచ్చింది. తలుపు తన తాళంతో తీసింది.

గార్డుగారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. మంచం మీద రుమాళ్లన్నీ దొంతరగా పేర్చి ఉన్నాయి. ఖాళీ పెట్టె ఆయన ఒళ్లో ఉంది. ముఖం కళ్లద్దాల దాకా అందులో దూర్చి, కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా లాగుతున్నాడు.

"ఏమండీ."

ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఇది చేతి తొడుగుల పెట్టె కాదు" అందామె.

"కాదు. చుట్టల పెట్టె. పాలిషు ఘాటు పోయింది, తేమకు చెక్క లోపలి వాసన బయటికొచ్చింది."

"మూడు వారాలుగా నేను ఇల్లంతా గాలిస్తుంటే చూస్తూ కూర్చున్నారు."

"చూశాను. కుండీలు తవ్వినప్పుడు జాలేసింది కూడా."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేస్తావు? సోడాపొడి చల్లి, వెనిగరుతో తుడిచి, ఎండ కోసం కాపలా కాస్తావు. సాయంత్రానికి ఇందులో ఏమీ మిగలదు."

"అక్క పైగది కడిగించింది. తెలుసా?"

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. పెట్టె మంచం మీద పెట్టాడు. "అంతదాకా వచ్చిందా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని."

"కాల్చే రోజుల్లోనూ ఇదే మాట."

ఆయన రుమాళ్ల దొంతర సర్దబోయాడు.

"నోరు తెరవండి" అందామె. దగ్గరికి వచ్చి, ముక్కుతో రెండుసార్లు ఎగబీల్చింది. ఏమీ తెలియలేదు. ఆయన నోట్లో అడవి తగలబడుతున్నా ఇవాళ తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ముక్కు తెరుచుకున్నాక చూద్దువుగాని. అప్పటిదాకా నేనెక్కడికీ పోను" అన్నాడాయన.

ఆమె మంచం అంచున కూర్చుంది. పెట్టె చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఎలా ఉంటుంది?"

"ఏంటి?"

"ఇందులో వాసన. చెప్పండి."

"ఎండు అంజీరపండులా ఉంటుంది. వెనకాల కాస్త తడి చెక్క. బండి వంతెన దాటేటప్పుడు జేబులోంచి తీసి, ముట్టించే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ని. చివరి పెట్టెలో నేనొక్కణ్నే. కింద నీళ్లు. ముట్టించాక మామూలే, దగ్గు. నాకు ఇష్టమైంది ఆ ముందు నిమిషమే."

అబద్ధమాడేవాడు మరక గురించి అవసరానికి మించి చెబుతాడు. కౌంటరు దగ్గర అలాంటివాళ్లను వేలమందిని చూసింది. ఆయన అంతటితో ఆపేశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆమె చెవులతో విన్నదాన్ని నమ్మి, ఫోను తీసింది.

"అక్కా, ఆ గది ఎవరికైనా ఇచ్చెయ్."

"రుజువు దొరికిందా?"

"లేదు" అని పెట్టేసింది.

రుమాళ్లు ఇంకో పెట్టెలోకి మారాయి. ఈ పెట్టెకు కొత్త ఉద్యోగం వచ్చింది. షరతులు మాత్రం ఆమెవే. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలు, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు. వాసన తగ్గిందా లేదా అని ఆమె రోజూ సాయంత్రం మూత ఎత్తి తనిఖీ చేసేది. వానలు వెలిసేనాటికి ఆమెకు మళ్లీ అనుమానం పట్టుకుంది.

"వాసన సగానికి సగం తగ్గింది. నేను లేనప్పుడు తెరుస్తున్నారు కదూ" అంది, ముఖం పెట్టెలోంచి ఎత్తకుండానే.

గార్డుగారు చేతిగడియారం ఆమె వైపు తిప్పాడు.

"నాలుగు నిమిషాలైంది" అన్నాడు.