గడప దిక్కు తిరిగిన అడుగు

నిన్న మా కోడలు సర్వపిండి కోసం బియ్యప్పిండి జల్లిస్తుంటే, ఆ పచ్చివాసనకు నా కాళ్లు వాటంతటవే వెనక్కి జరిగాయి. కింద రాలిన పిండి మీద అడుగు పడుతుందేమోనని నాకింకా భయం. కోడలు నవ్వింది. నవ్వనీ, తను అవ్వను ఎరగదు కదా.

అవ్వ అంటే మా బావ వాళ్ల నాయనమ్మ. పందొమ్మిది వందల యాభైల చివర్లో, జడ్చర్ల దగ్గరి ఒక ఊళ్లో వాళ్లదే కలిగిన ఇల్లు. ఆ ఇంటి కోడలైన మా అక్క పురుట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. ఏడాది తిరగ్గానే బావకిచ్చి చేద్దామని నన్ను తెచ్చి ఆ ఇంట్లో పెట్టారు. అక్క గదే ఇచ్చారు, అక్క చీరలే కట్టుకోమన్నారు. పిలిచేటప్పుడు వాళ్ల నోట అక్క పేరే వచ్చేది. కొన్నాళ్లకు ఆ పేరుకు నేనూ పలకసాగాను.

నా పేరు అడిగింది ఒక్క మల్లేశే. ఎరువు కోసం వాళ్ల చేలల్లో గొర్రెల మంద పెట్టడానికి వచ్చిన కురుమలవాడు. నేను గట్టు మీద కూర్చుని అక్క కోసం ఏడుస్తుంటే, దూరంగా నిలబడి "మీ పేరేంది?" అన్నాడు. ఆ తర్వాత రోజూ చేనికి వెళ్లడానికి నాకేదో ఒక పని దొరికేది.

ఒకరోజు నా తల దువ్వుతూ అవ్వ ఆగింది. "నీ కొంగుకు గొర్ల వాసనొస్తాంది."

మల్లేశు సంగతి తెలిస్తే ఇంట్లోవాళ్లు అతణ్ని బతకనివ్వరు. అవ్వ మాత్రం మళ్లీ దువ్వసాగింది.

"చచ్చినదాని జాగల బతికితే నువ్వు గూడ సగం చచ్చినట్టే బిడ్డా. జర సోంచాయించు, ఆలోచన చేస్కో."

రెండో పెళ్లికి ముందు, పోయినామె ఒప్పుకోవాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. ఆమె గదిలో పీట మీద కొత్త చీర, రెండో భార్య మెడలో వేసే సవతిబిళ్ళ పెట్టి, చుట్టూ బియ్యప్పిండి జల్లి తలుపేస్తారు. పిండి చెదరకుంటే ఒప్పుకున్నట్టు, పీటకు వీపు తిప్పిన అడుగు పడితే కాదన్నట్టు. అంతవరకు ఎవరూ కాదన్నది లేదు. పిండి జల్లింది నేను. తలుపేసి గడప మీద కూర్చుంది అవ్వ. మిట్టమధ్యాహ్నం, లోపల చప్పుడు లేదు.

తలుపు తీస్తే తెల్లటి పిండిలో ఒకే ఒక్క అడుగు. పీటకు వీపు పెట్టి, గడప దిక్కు తిరిగి ఉంది. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. అక్క పాదం అంతే. నా పాదమూ అంతే.

"కోడలు ఒప్పుకుంటలేదు. చెల్లెను పొమ్మంటాంది," అంది అవ్వ. బావ నుదుటి చెమట తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు అవ్వే నన్ను బస్సెక్కించింది. పుట్టింటి బస్సు కాదు, అచ్చంపేట బస్సు. మల్లేశు అప్పటికే మందను అటు తోలుకుపోయాడు.

అవ్వే పిడికిలి అద్ది, వేళ్లు దిద్ది ఆ అడుగు వేసిందని ఏళ్ల తరబడి నమ్మాను. ఆమె మంచం పట్టి కబురు పెడితే వెళ్లి, చెవి దగ్గర వంగి చెప్పాను. "గా అడుగు వేసి నన్ను బతికించినవు అవ్వా."

అవ్వ నన్ను వింతగా చూసింది. "నేనెక్కడ వేసిన? నువ్వే వేసినవనుకొని నీ దిక్కు మాట్లాడిన."

"నేను పిండి జల్లి బయటికొచ్చిన. మళ్ల లోపటికి పోలే," అన్నాను.

అవ్వ నా చేయి పట్టుకుని ఇక వదల్లేదు.

నిన్న కోడలు లోపలికి వెళ్లాక, రాలిన పిండిని ఊడవకుండా కాసేపు అలాగే ఉంచాను. అక్క వస్తే రానీ, పోతే పోనీ. తలుపు మాత్రం వెయ్యలేదు.