బుడగలు కొరికిన రెక్క

మా ముత్తాత, తాత విశాఖ రేవులో లాంచీల యజమానులు. ఓడ వస్తే ముందు ఎదురెళ్లేది మా లాంచీయే. తొంభైల చివరికి నాకు ఒక్క లాంచీ మిగిలింది. దానికి కొత్తగా స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లర్ వేయించాను.

అప్పటి నుంచి వేగం పెంచితే చాలు, అడుగున ఎవరో గులకరాళ్లు విసురుతున్నట్టు చప్పుడు. కొన్ని నెలలకు లాంచీని ఒడ్డుకెక్కించి చూశాము. అద్దంలాంటి ప్రొపెల్లర్ రెక్క మీద అరచేతి మేర మెరుపు పోయింది.

"నాచు పట్టింది బావా, తోమేత్తే పోద్ది," అన్నాడు లాంచీ నడిపే అప్పన్న, నా చెల్లెలి భర్త.

తోమినా పోలేదు. వేలితో తడిమితే, జలదరించిన ఒంటిలా గరుకుగా తగిలింది. తుప్పు కాదు, రాయి తగిలిందీ లేదు. ఇంజినుకు సరిపడక ప్రొపెల్లర్ చుట్టూ పుట్టే బుడగలు పగిలినప్పుడల్లా స్టీలును కొరుకుతాయని, రెండూ మార్చాలని వర్క్‌షాపులో చెప్పారు.

మర్నాడు కూలీలను రేవు బయట లంగరేసిన ఓడ దగ్గరకు చేర్చాలి.

"రేపటికి ఏటీ అవదులే బావా."

"నడి సముద్రంలో రెక్క విరిగితే చెల్లికి ఏం చెప్పను?"

"పీడ వొదిలిందని సెప్పు."

నాకు నవ్వు రాలేదు. మా వంశంలో ఓడకు రాలేమని కబురు పంపింది నేనొక్కడినే. ఇప్పటికీ నీళ్లు మరిగే చప్పుడు వింటే నా వేలికి ఆ గరుకు తగులుతుంది.

ఇంజిను, ప్రొపెల్లర్ మార్పించడానికి గాజువాకలో మిగిలిన స్థలం అమ్మాము.