వెంట్రుక అడిగే మామయ్య

పొద్దున లేవగానే అందరూ దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతారు. గడియారాలు బాగుచేసే మా మామయ్య మాత్రం పక్కింటి టైలరక్కను వెంట్రుక అడిగేవాడు.

"చెల్లెమ్మా, తల దువ్వుకున్నావా? దువ్వెనకేమైనా వచ్చిందా?"

"ఇంద అన్నయ్యా, పొడుగ్గా ఉన్నదే ఏరాను."

వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఈ మాటలు విని గబుక్కున తలుపులు వేసుకునేవారు. పాపం, ఆ వెంట్రుక చెరువులో చేప కోసమని వాళ్లకేం తెలుసు!

బంగారుతీగ చేప అనుమానప్పక్షి అని మామయ్య సిద్ధాంతం. ఎరను పీల్చి చూస్తుంది, ముల్లు తగిలిందా, ఉమ్మేస్తుంది. అందుకని ఉడికించిన మొక్కజొన్న గింజను గాలపు ముల్లుకు గుచ్చకూడదు. గింజలోంచి వెంట్రుక దూర్చి ముల్లు కింద వేలాడదీయాలి. చేప గింజను పీల్చగానే ఖాళీ ముల్లు దాని వెనకాలే వెళ్లి పెదవిని పట్టేస్తుంది.

"ముల్లు ఖాళీగా ఉండాలి!" అనేవాడు వేలు చూపిస్తూ.

"మీ బుర్రలాగా," అనేది అత్తయ్య.

వాచీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు టైము తెలియకపోయినా ఈ పాఠం నేర్చుకుని వెళ్లేవారు. పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుని కూడా మామయ్య ఇదే చెప్పాడు. ఆయన వింటూ వింటూ మంచి పన్ను పీకేశాడు.

ఇలా ఉండగా టైలరక్కకు పెద్ద జబ్బు చేసింది. దేవుడి దయవల్ల మనిషి దక్కింది గానీ జుట్టంతా ఊడిపోయింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, కిటికీ మూసేసుకుంది.

"తిండి లేదు, మాట లేదు. ఇలాగైతే దక్కినట్టా తల్లీ?" అని వాళ్లమ్మ మా అత్తయ్య దగ్గర కళ్లొత్తుకుంది.

మర్నాడు పొద్దున మామయ్య యథాప్రకారం బయలుదేరాడు. అత్తయ్య చొక్కా పట్టుకుంది.

"బుద్ధుందా మీకు? ఆ పిల్లనిప్పుడు వెంట్రుకలడుగుతారా!"

"నువ్వూరుకోవే."

ఏం కొంప ముంచుతాడోనని నేనూ వెంటపడ్డాను. మామయ్య కిటికీ తట్టాడు. "చెల్లెమ్మా, ఈ గాలం ఒక్కసారి చూసిపెట్టు."

కిటికీ వేలెడంత తెరుచుకుంది. గాలం చూసి నేనే బిత్తరపోయాను. గింజను నేరుగా ముల్లుకే గుచ్చేశాడు!

"అయ్యయ్యో! ఇదేంటన్నయ్యా?" లోపలినుంచి కేక. "ముల్లు ఖాళీగా ఉండాలి కదా! చేప ఉమ్మేయదూ?"

కిటికీ బార్లా తెరుచుకుంది. తలకు చుట్టుకున్న గుడ్డ జారిపోయినా టైలరక్క గమనించలేదు.

"ఏం చేయనమ్మా, చేతులు వణుకుతున్నాయి."

ముందురోజే గోరంత వాచీని విప్పి బిగించిన చేతులవి. నేను నోరు తెరవబోతే మామయ్య నా కాలు తొక్కాడు.

"మరి వెంట్రుక..." అంటూ టైలరక్క తల తడుముకుంది.

"వెంట్రుకెందుకు? దారం ఇంకా గట్టిది!" అన్నాడు, వెంట్రుకకు సాటి లేదని ఇన్నాళ్లూ వీధిలో అందరి ప్రాణం తీసిన పెద్దమనిషి.

టైలరక్క సూది కోసం మిషను మీది దుప్పటి లాగేసింది. మామయ్య గిన్నెడు గింజలు కిటికీలో పెట్టాడు.

"ఈ ఒక్కరోజుకే కాదమ్మా. రోజూ పొద్దున్నే వస్తాను, కాస్త గాలానికి గింజలు కట్టిపెట్టవూ?"