ఈశాన్యం సీటు

సరిగ్గా ఆలోచించేవాళ్లు జీవితంలో గెలుస్తారని నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. లైబ్రరీ పుస్తకాలే నేర్పి ఉంటాయి. డిగ్రీ అయ్యేనాటికి ఆ మాట డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే ఒళ్లు మండుతుంది.

మాదాపూర్‌లో కొత్త భవనాలకు అద్దాలు బిగిస్తున్న రోజులవి. అక్కడో చిన్న కంపెనీలో నేనూ, మరో అమ్మాయీ ట్రైనీలుగా చేరాం. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు చూపకుండా సరిచేయడం మా పని. ప్రొబేషన్ అయ్యాక ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటామని ముందే చెప్పారు. ఇద్దరికీ ఆ ఉద్యోగం కావాలి. అయినా కూకట్‌పల్లి నుంచి ఒకే బస్సులో వచ్చి, ఒకే డబ్బాలో తినేవాళ్లం. ఈశాన్యం మూలన ఏసీ గాలి నెత్తిన పడుతోందని తను మొదటి వారమే నాతో సీటు మార్చుకుంది.

పరీక్షించిన ప్రతిసారీ ఒక ప్రోగ్రాము రెండు వేల సంవత్సరం ఫిబ్రవరి ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయేది. అందరూ మెషీన్‌ను తిట్టారు. మేనేజర్‌గారు వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. గుమ్మం తూర్పుకు తిప్పమన్నాడు ఆయన. పనివాళ్లు గోడ పగలగొడుతుంటే, ఆ దుమ్ములోనే నేను ఒక్కొక్క కారణాన్నీ కొట్టేసుకుంటూ వెళ్లాను. చివరికి దొరికింది. వందతో భాగించగలిగిన సంవత్సరానికి లీపు ఉండదని రాసినవారు, నాలుగు వందలతో భాగించగలిగితే ఉంటుందన్న మిగతా సగం మరిచిపోయారు. ఒక్క లైను చేర్చాను. ప్రోగ్రాము నడిచింది.

మర్నాడు కొత్త గుమ్మానికి కొబ్బరికాయ కొట్టారు. మేనేజర్‌గారు స్వీట్లు పంచుతూ, "చూశారా అండీ, గుమ్మం తిరిగింది, ప్రోగ్రాం కదిలింది!" అన్నారు.

నా స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. "ఏందే, గిట్ల బెల్లం కొట్టిన రాయిలెక్క నిలబడ్డవ్? జర నోరు తెరువు."

నేను చేతిలోని స్వీటు వంక చూశాను. తనే అంది: "సార్, గది దర్వాజతోని కాలే. నిన్న ఈమెనే సరిజేసింది."

"చేసే ఉంటుందమ్మా. చేయించింది ఎవరంటావ్? ఈశాన్యంలో కూర్చుంది మరి!"

గదంతా నవ్వింది.

ప్రొబేషన్ ముగిశాక నన్ను ఉంచారు, తనను పొమ్మన్నారు. కారణం కూడా దాచలేదు. ఈశాన్యంలో ఉన్న ఆడపిల్లను కదపొద్దని సిద్ధాంతి చెప్పాడట. నా పని ఎవరూ చూడలేదు, తన పనీ చూడలేదు. చూసి తీసేసి ఉంటే ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్లం.

"ఏసీ కింద కూసుంటే జలుబే అయితుండె. లేచినందుకు నౌకరే పోయె," అని బ్యాగు సర్దుకుంటూ నవ్వింది తను.

నాకు నవ్వు రాలేదు. ఆలోచన తప్పును పట్టుకుంటుంది, నిజమే. పట్టుకున్నదెవరో చూసే మనసు ఎదుటివాళ్లకూ ఉండాలని ఆ పుస్తకాలు ఒక్కటైనా చెప్పలేదే!

సోమవారం పొద్దున నా కుర్చీని గచ్చు మీద కీచుమనేలా ఈడ్చుకెళ్లి, ఖాళీ అయిన తన మూలలో వేసుకున్నాను.

"అయ్యో, అక్కడ కాదమ్మా! నీ సీటు అది కాదూ?" మేనేజర్‌గారు పరుగున వచ్చారు.

"ఇక్కడే కూర్చుంటానండి. పనిలో తప్పుంటే తీసేయండి."

ఆ ఆఫీసులో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. వారం తిరక్కుండా తీసేశారు. పనిలో తప్పు మాత్రం చూపించలేదు.